పాట ముందా, బంతి ముందా? వింత వాయిద్యాల వీడియోలను పరీక్షించడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో సాయంత్రం హారతి వేళకు గుడికి వెళ్తే చాలాచోట్ల మంటపంలో ఓ మూల ఇనుప చట్రం ఒకటి కనిపిస్తుంది. అందులో ఒక డోలు, రెండు మూడు గంటలు, ఒక జేగంట బిగించి ఉంటాయి. పూజారిగారు స్విచ్ వేయగానే మోటారు తిరిగి, బెల్టు ఇరుసును తిప్పుతుంది. ఇరుసు మీద పొడుచుకొచ్చిన పళ్లు కర్రల్ని ఎత్తి వదులుతుంటే అవి వరుసగా డోలు మీద, గంటల మీద పడతాయి. మనిషి చెయ్యి పడకుండానే వాద్యం మోగుతుంది. దగ్గరికి వెళ్లి చూడండి. కర్ర పడే చోట డోలు చర్మం నున్నగా అరిగి, అరచేతంత మేర రంగు మారి ఉంటుంది. చట్రం అదరకుండా కాళ్ల కింద రబ్బరు ముక్కలో, గోనెపట్టా మడతలో పెట్టి ఉంటాయి. వాద్యంతో పాటు మోటారు రొద వినబడుతూనే ఉంటుంది. బెల్టు సాగితే తాళం ఈడ్చుకుపోతుంది, ఎవరో వచ్చి బిగిస్తే మళ్లీ దారికొస్తుంది.

తనంతట తాను వాయించే యంత్రం నిజంగా ఉంటే ఎలా ఉంటుందో తెలియడానికి ఇంతకన్నా దగ్గరి నమూనా మనకు లేదు. ఫోనులో వింత వాయిద్యాల వీడియో వచ్చినప్పుడు దీన్ని మనసులో పెట్టుకుని చూడాలి. గాలిలో వెలిగే పియానో మీటలు, బంతులు ఎగరేసి పాట పలికించే గొట్టాలు, నీటి చుక్కలతో మోగే గాజు వీణ లాంటివి వస్తుంటాయి. కొన్ని నిజం, కొన్ని కంప్యూటర్‌లో గీసినవి. వాటిని విడదీయడానికి ‘ఇలాంటిది అసలు ఉండగలదా’ అన్న ప్రశ్న పెద్దగా అక్కరకు రాదు. అడగాల్సింది వేరే ఉంది: ఈ కదలిక వల్ల ఆ శబ్దం పుట్టిందా, ఆ శబ్దానికి తగ్గట్టు ఈ కదలికను గీశారా?

అయోవా నుంచి వచ్చిన ఉత్తరం

ఈ రకం వీడియోలన్నిటికీ పెద్దన్న లాంటిది ఒకటుంది. గొట్టాల్లోంచి బంతులు ఒకదాని వెంట ఒకటి ఎగిరి తీగల మీద, డ్రమ్ముల మీద, లోహపు పలకల మీద పడతాయి. పాట పలికిస్తాయి. అక్కడి నుంచి ఎగిరి ఎదురుగా ఉన్న గరాటుల్లోకి గురి తప్పకుండా పడిపోతాయి. దీనితో పాటు తిరిగిన ఈమెయిలు ఏం చెప్పిందంటే, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో సంగీత విభాగమూ ఇంజినీరింగ్ విభాగమూ కలిసి ఈ యంత్రాన్ని కట్టాయట. భాగాల్లో 97 శాతం వ్యవసాయ యంత్రాల సామానేనట. అమర్చడానికి, సరిచూడడానికి, శ్రుతి చేయడానికి 13,029 గంటలు పట్టిందట.

ఈ ఉత్తరంలో చెప్పిన యంత్రం ఎక్కడా లేదు. ఉత్తరం ఆ విభాగాలకు పెట్టిన పేర్లతో అక్కడ సంగీత పాఠశాలా లేదు, ఇంజినీరింగ్ పాఠశాలా లేదు. ఆ వీడియో వేన్ లైటిల్ స్థాపించిన యానిమ్యూజిక్ సంస్థ 2001లో విడుదల చేసిన కంప్యూటర్ యానిమేషన్. దాని పేరు ‘పైప్ డ్రీమ్’. ఇంగ్లిష్‌లో ఆ మాటకు గాలిమేడ అనే అర్థం కూడా ఉంది. చేసినవాళ్లు ఏనాడూ దాన్ని నిజమైన యంత్రమని చెప్పలేదు, యానిమేషన్‌గానే అమ్మారు. మోసం వీడియోలో లేదు, దానికి తగిలించిన వ్యాఖ్యలో ఉంది. ఈ తేడా ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. లేకపోతే అందమైన పని చేసిన కళాకారులను మోసగాళ్లనేస్తాం.

13,029 అన్న అంకెను చూడండి. ‘చాలా నెలలు పట్టింది’ అని రాసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. చివర గుండు సున్నాలు పెట్టకుండా ఒకట్ల స్థానం దాకా చెప్పేసరికి, ఎవరో లెక్కపెట్టి రాశారని మనసు నమ్ముతుంది. రోజుకు ఎనిమిది గంటల లెక్కన ఒక మనిషికి అది 1,629 రోజుల పని, అంటే నాలుగున్నరేళ్లు. అంత పని చేసినవాళ్లు కట్టేటప్పటి ఒక్క ఫొటో, విఫలమైన ఒక్క ప్రయత్నం కూడా చూపించకుండా నేరుగా తుది కచేరీయే చూపిస్తారా? రేపు అదే వీడియోకి ‘మన తెనాలి కుర్రాడు చేశాడు’ అని తగిలించినా ఇదే ప్రశ్న అడగాలి. కట్టేటప్పటి ఫొటోలు ఏవి?

పాటను బట్టి కదలిక

ఆ యానిమేషన్ ఎలా తయారైందో తెలిస్తే మిగతా సగం చిక్కు వీడిపోతుంది. కంప్యూటర్ సంగీతానికి 1983 నుంచి మిడి అనే పద్ధతి ఉంది. మన స్వరలిపి లాంటిదే అనుకోవచ్చు. ఏ స్వరం, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి, ఎంత గట్టిగా అన్నవి అంకెల్లో ఉంటాయి. స్వరాలకు 0 నుంచి 127 దాకా, గట్టితనానికి కూడా 127 దాకా అంకెలు. యానిమ్యూజిక్ వాళ్లు ముందు పాట కట్టుకున్నారు. తర్వాత మిడిమోషన్ అని తాము రాసుకున్న సాఫ్ట్‌వేర్‌కు ఆ అంకెలు ఇస్తే, ఫలానా క్షణంలో ఈ పలక మోగాలి గనుక బంతి అప్పటికి అక్కడ ఉండాలి, అందుకు అరక్షణం ముందే గొట్టంలోంచి బయల్దేరాలి అని అది వెనక్కి లెక్కగట్టి కదలికను గీసింది.

అంటే అక్కడ బంతి తగిలి పలక మోగలేదు. పలక మోగుతుంది కాబట్టి బంతిని అక్కడికి తెచ్చారు. ఫలితం ముందు, కారణం తర్వాత. గుడిలోని యంత్రంలో ఇది తలకిందులు కావడం అసాధ్యం. కర్ర పడితేనే శబ్దం, కర్ర పక్కకు జరిగితే శబ్దమూ మారుతుంది.

బంతి లెక్క

‘పైప్ డ్రీమ్’ లాంటి యంత్రాన్ని నిజంగా కడితే ఏం తేడా వస్తుందో కాస్త లెక్క వేద్దాం. గొట్టం మూతి నుంచి పలక ఒకటిన్నర మీటరు దూరంలో, అదే ఎత్తులో ఉందనుకోండి. బంతిని 45 డిగ్రీల వాలులో వదిలితే అక్కడ పడడానికి సెకనుకు సుమారు 3.84 మీటర్ల వేగం కావాలి. గాలిలో 0.55 సెకను ఉంటుంది. ఇప్పుడు వేగంలో రెండు శాతం తేడా వచ్చిందనుకోండి. గొట్టంలో కాస్త దుమ్ము చేరినా, బంతి సైజులో వెంట్రుకవాసి తేడా ఉన్నా, గాలి పీడనం ఒక్క క్షణం తగ్గినా ఆ మాత్రం వస్తుంది. దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక రెండు శాతం తేడా అక్కడ నాలుగు శాతమవుతుంది. ఒకటిన్నర మీటరులో నాలుగు శాతం ఆరు సెంటీమీటర్లు. పలక వెడల్పు నాలుగు సెంటీమీటర్లయితే రిషభం మోగాల్సిన చోట గాంధారం మోగుతుంది, లేదా బంతి రెండింటి సందులోంచి కింద పడుతుంది.

తీగల మీద పడే బంతుల సంగతి ఇంకా కష్టం. 12 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ అర మిల్లీమీటరు మందం తీగ మీద సరిగ్గా నడినెత్తిన పడితే నేరుగా పైకి లేస్తుంది. ఒక్క మిల్లీమీటరు పక్కకు తగిలితే చాలు, లేచే దిశ సుమారు 18 డిగ్రీలు ఒరిగిపోతుంది. అర మీటరు వెళ్లేసరికి అది అనుకున్న చోటుకు పదహారు సెంటీమీటర్లు పక్కన ఉంటుంది. గరాటు మూతి అంతకన్నా చిన్నదైతే ఆ గోళీ నేల మీదే. వీడియోలో వందల బంతులు తీగల మీంచి ఎగిరి వరుసగా ఒకే చోట పడుతుంటే, ప్రతి బంతీ మిల్లీమీటరులో పదో వంతు గురితో తగిలిందని ఒప్పుకోవాలి. కంప్యూటర్‌లో గీసిన బంతికి ఆ గురి ఉంటుంది. గోళీకి ఉండదు.

ఇక్కడే తప్పు వాదనలు కూడా చాలా వినిపిస్తాయి. వాటితో పని లేదు. ‘అంత పెద్ద యంత్రానికి బోలెడు కరెంటు కావాలి, కాబట్టి అబద్ధం’ అంటారు. లెక్క చూడండి. మూడు నిమిషాల పాటకు సెకనుకు ఎనిమిది స్వరాల చొప్పున 1,440 గోళీలు. ఒక్కో 12 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ ఏడు గ్రాములు. మొత్తం పది కిలోలు. వాటిని రెండు మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి మూడు నిమిషాల్లో పట్టే శక్తి సగటున ఒక వాటుకు కాస్త ఎక్కువ. చిన్న ఎల్‌ఈడీ బల్బు అంతకన్నా ఎక్కువే తింటుంది. ‘బంతి గాలిలో ఉండే సమయం ప్రతిసారీ మారుతుంది, తాళం తప్పుతుంది’ అన్నదీ అంత బలమైన వాదన కాదు. రెండు శాతం తేడాకు 0.55 సెకనులో వచ్చే మార్పు 11 మిల్లీసెకన్లు. చెయ్యి తిరిగిన వాద్యకారులు వాయించినా ఆ మాత్రం తేడాలుంటాయి. కరెంటుతోనూ తాళంతోనూ చిక్కు లేదు. గురితో ఉంది, పడిన గోళీలను మళ్లీ పోగుచేసి ఒక్కొక్కటిగా వరుసలో నిలబెట్టడంతో ఉంది.

ఆ చిక్కులన్నీ ఎదుర్కొని నిజంగా కట్టినవాళ్లున్నారు. స్వీడన్‌కు చెందిన వింటర్‌గాటన్ బృందం సంగీతకారుడు మార్టిన్ మోలిన్ 2016 మార్చిలో విడుదల చేసిన మార్బుల్ మెషీన్‌లో 2,000 ఉక్కు గోళీలున్నాయి. చాలావరకు ప్లైవుడ్‌తో చేసిన యంత్రం అది, చేత్తో తిప్పాలి. పరిశీలించి చూస్తే ఆయన ఎంచుకున్న పద్ధతి తెలుస్తుంది. గోళీని ఎగరేయడు, పైనుంచి జారవిడుస్తాడు. ఇరవై సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన గోళీ 0.2 సెకనులో కింద పడుతుంది. నిట్టనిలువుగా పడుతుంది గనుక పక్కకు పోయే తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. అంత జాగ్రత్త పడినా గోళీలు ఇరుక్కునేవి, దారి తప్పి కింద పడేవి. ఆ తర్వాత ఇంకా పెద్ద యంత్రాన్ని ఏళ్ల తరబడి కట్టి, గోళీల చిక్కు పూర్తిగా తీరక దాన్ని పక్కన పెట్టి, మూడోది మొదలుపెట్టాడు. ఆ పనంతా, విరిగిన ముక్కలతో సహా, వీడియోల్లో చూపించాడు. నిజమైన పనికి ఇలా వెనక పెద్ద తోక ఉంటుంది. ‘పైప్ డ్రీమ్’ స్ఫూర్తితోనే 2011లో ఇంటెల్ సంస్థ కోసం పెయింట్‌బాల్స్ పేల్చి వాయించే యంత్రాన్ని నిజంగానే కట్టారు. పదేళ్ల తర్వాత నిజమైన యంత్రం వచ్చినంత మాత్రాన అయోవా ఉత్తరం నిజమైపోదు.

ఒకే దెబ్బ, ఒకే శబ్దం

మృదంగం వాయించేవారు ‘నం’ పలికించడానికీ, ‘దిం’ పలికించడానికీ, ‘చాపు’ కొట్టడానికీ ఒకే మూత మీద వేళ్లు పడే చోటును అంగుళం, రెండు అంగుళాలు మారుస్తారు. అంతే, శబ్దం పూర్తిగా వేరు. కుడి మూత మీది నల్లటి గుండ్రని పూత వల్లే ఆ స్వరాలు అంత తేటగా విడిపోతాయి. సర్ సి.వి. రామన్ 1920లోనే దీని మీద పరిశోధన ప్రచురించారు. ఎడమ మూతకు కచేరీ ముందు రవ్వ ముద్ద అద్దుతారు. ఆరిపోతుంటే మధ్యలో తడి చేసుకుంటారు, లేకపోతే గుమ్కీ అనే మంద్రనాదం లోతు తగ్గిపోతుంది. చర్మం, తేమ, చోటు, బలం, అన్నీ శబ్దంలోకి వస్తాయి.

కాబట్టి వీడియోలో ఏదైనా బంతి, కర్ర, రోబో చెయ్యి డ్రమ్మును ఒకసారి అంచున, ఒకసారి నడుమ తాకినా ఒకే శబ్దం వస్తుంటే ఆ శబ్దం ఆ డ్రమ్ముది కాదు. కర్ర ఎత్తు నుంచి పడినప్పుడూ, కొద్దిగా తాకినప్పుడూ ఒకే గట్టితనం ఉన్నా అంతే. గుడిలో యంత్రం దగ్గర నిలబడి నిమిషం పాటు వినండి. యంత్రమే అయినా ఏ రెండు దెబ్బలూ అచ్చంగా ఒకటి కావు. కర్ర ఊగుతుంది, చర్మం ఇంకా అదురుతుండగానే రెండో దెబ్బ పడుతుంది.

నీళ్లతో, గాజుతో మోగే వాయిద్యాలకు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. గాజు గ్లాసును చెంచాతో కొడుతూ నీళ్లు పోయండి. నీళ్లు పెరిగేకొద్దీ స్వరం దిగుతుంది. జలతరంగం గిన్నెలను శ్రుతి చేసేది ఇలాగే. ఇప్పుడు ఖాళీ సీసా మూతి మీద ఊదుతూ నీళ్లు పోయండి. ఈసారి స్వరం ఎక్కుతుంది. మొదటి దానిలో గాజు అదురుతుంది, నీటి బరువు దాన్ని నెమ్మదింపజేస్తుంది. రెండో దానిలో లోపలి గాలి అదురుతుంది, నీళ్లు ఆ గాలి ఉండే చోటును తగ్గిస్తాయి. గీసిన వీడియోల్లో ఒకే సైజు గిన్నెల్లో తక్కువ నీళ్లున్న దాన్ని కొట్టినప్పుడు మంద్రస్థాయి వినిపిస్తే తప్పు అక్కడే దొరికిపోతుంది. నీటి చుక్కలు పడి గాజు పలకలు హోరుగా మోగడమూ కుదరదు. ఒక చుక్క బరువు సుమారు 0.05 గ్రాము. అర మీటరు ఎత్తు నుంచి పడ్డా దాని శక్తి, ఇరవై సెంటీమీటర్ల నుంచి పడిన ఏడు గ్రాముల గోళీ శక్తిలో యాభయ్యో వంతు కూడా ఉండదు.

గాలిలో వాయించేవి

చెయ్యి తాకకుండా వాయించే వాయిద్యం అనగానే అబద్ధమని తోసిపుచ్చకూడదు. రష్యన్ శాస్త్రవేత్త లెవ్ టెర్మెన్ 1920 ప్రాంతంలోనే థెరమిన్ తయారుచేశాడు, 1928లో అమెరికాలో పేటెంటు పొందాడు. నిలువు కడ్డీకి కుడిచెయ్యి దగ్గరయ్యేకొద్దీ స్వరం ఎక్కుతుంది. పక్కనున్న వంపు తిరిగిన కడ్డీ దగ్గర ఎడమచెయ్యి శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. చెయ్యి కదిలితే ఒక ఎలక్ట్రానిక్ కంపనం కాస్త మారుతుంది. మారని మరో కంపనానికీ దానికీ ఉన్న తేడాయే మనకు స్వరంగా వినిపిస్తుంది. దీన్ని వాయించేవారిని గమనించండి. ఒళ్లు కదపరు, ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుడుగానే వెళ్తారు. మెట్లు లేని చోట స్వరస్థానం కేవలం చెవితో పట్టుకోవాలి గనుక అది మహా కష్టం. ఎవరో గంతులేస్తూ గాలిలో చేతులు ఊపుతుంటే తునకలు తునకలుగా, శ్రుతి తప్పని స్వరాలు రావడం థెరమిన్‌తో జరగదు.

లేజర్ హార్ప్ కూడా నిజమే. ఫ్రెంచి సంగీతకారుడు ఝాఁ మిషెల్ ఝార్ 1980ల నుంచి వేదికల మీద వాయించారు. కాంతి కిరణానికి చెయ్యి అడ్డుపడితే ఆ వెలుగు చెదిరి సెన్సరుకు తగులుతుంది, స్వరం మోగుతుంది. ఆ వేదిక మీద పొగ ఉంటుంది, చేతులకు తొడుగులుంటాయి. శుభ్రమైన గాలిలో కాంతి కిరణం పక్కనుంచి చూసేవారికి కనిపించదు, పొగో దుమ్మో ఉండాలి. పెళ్లి ఊరేగింపుల్లో లేజర్ లైట్లు పెట్టేటప్పుడు పొగ యంత్రం వాడేది అందుకే. పట్టపగలు హాల్లో, పొగ ఏమీ లేకుండా, ఏ తెరా లేకుండా గాలిలో తేలుతూ వెలిగే పియానో మీటలు కనిపిస్తే అవి తర్వాత అతికించినవే.

అలాంటి వీడియోల్లో వేళ్లను చూడాలి, వెలుగును కాదు. నిజమైన పియానో మీట సుమారు పది మిల్లీమీటర్లు కిందికి దిగి ఆగుతుంది. వేలు అక్కడ ఆగుతుంది, కణుపు కొద్దిగా బిగుసుకుంటుంది. గాలిలో ఆగేది లేదు. వేళ్లు ఒక్కోసారి ఒక్కో లోతుకు పోతాయి, మీటలోంచి దూసుకుపోతాయి. వేలు మీటకు ముందుకు వచ్చినప్పుడు వెలుగు వేలికి వెనక్కి పోవాలి, చర్మం మీద ఆ రంగు వెలుగు పడాలి. తర్వాత అతికించినప్పుడు ఈ రెండూ తరచూ తప్పుతాయి.

కృత్రిమ మేధ తెచ్చిన తేడా

ఇంతవరకు చెప్పినవన్నీ ఎవరో కూర్చుని గీసిన వీడియోల గురించి. 2025 మేలో గూగుల్ విడుదల చేసిన వియో 3 లాంటి సాధనాలు నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మా శబ్దమూ కలిపి ఇస్తున్నాయి. ఇక్కడ పాటా ముందు కాదు, కదలికా ముందు కాదు. కారణమన్నదే లేకుండా, ఆ సాధనం అంతకుముందు చూసిన వీడియోల పోలికలోంచి రెండూ పుడతాయి. అందుకే తప్పులు కూడా వేరేగా ఉంటాయి.

లెక్కపెట్టడమే మంచి ఆయుధం. వీణకు 24 మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు. పియానోలో ఎడమ చివరి ఒంటరి మీటను వదిలేస్తే నల్ల మీటలు రెండు, మూడు, రెండు, మూడు అన్న గుంపుల్లోనే ఉంటాయి. వీడియోను రెండు చోట్ల ఆపి తీగలు, మెట్లు, బిరడాలు లెక్కపెట్టండి. కెమెరా ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏడు తీగలు ఆరో తొమ్మిదో అయితే ఇక చూడనక్కర్లేదు. ఒక్కో క్లిప్పు కొద్ది సెకన్లే పుడుతుంది గనుక (వియో 3 ఎనిమిది సెకన్లది ఇచ్చింది) వీడియోలో అంతంత వ్యవధికి దృశ్యం మారుతుంటుంది. వెనక గోడ మీద బోర్డులు, బ్యానర్ల మీది తెలుగు అక్షరాలు చూడండి. ఒత్తులూ గుడింతాలూ కలిసిపోయి ఏ అక్షరమూ కాని గీతలుగా ఉంటాయి. ఈ లోపాలు ఏడాదికేడాదికీ తగ్గుతున్నాయి. రేపు తీగల లెక్క సరిపోవచ్చు. దెబ్బ మారితే శబ్దం మారుతోందా అన్న పరీక్ష మాత్రం అప్పటికీ పనిచేస్తుంది.

ఈ విషయంలో కాస్త బాధ కూడా ఉంది. నూజివీడులో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. మెట్లను మైనంలో కూర్చి, చెవితో వింటూ ఒక్కొక్కటే స్వరస్థానంలో నిలుపుతారు. మే నెల ఎండకు మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, మళ్లీ కూర్చాలి. ఆ పనిని పది నిమిషాలు తీరిగ్గా చూసే పిల్లలు తగ్గి, లేని వాయిద్యాలకు నోరెళ్లబెట్టే పిల్లలు పెరుగుతున్నారు.

పరీక్షించే పద్ధతి

వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి. కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కిన ప్రతిసారీ ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. యూట్యూబ్‌లోనైతే వీడియో ఆపి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ముందుకు, కామా మీట నొక్కితే వెనక్కి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కోటి 33 మిల్లీసెకన్లు. దెబ్బ తగిలిన ఫ్రేమునూ శబ్దం మొదలైన చోటునూ ఓ పది దెబ్బలకు పోల్చండి.

శబ్దం కాస్త వెనకబడి ఉండడం తప్పు కాదు. ఫార్వర్డ్ అవుతూ వచ్చిన వీడియోల్లో బొమ్మకూ శబ్దానికీ మధ్య తేడా చేరుతూ ఉంటుంది. ముప్పై మీటర్ల దూరం నుంచి తీస్తే శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్ల వేగంతో రావాలి గనుక రెండు మూడు ఫ్రేములు ఆలస్యమవుతుంది. చూడాల్సింది ఆ తేడా ప్రతి దెబ్బకూ ఒకేలా ఉందా అని. నిజంగా వాయిస్తే ఒకేలా ఉంటుంది, గట్టి దెబ్బకు గట్టి శబ్దం ఉంటుంది. ముందే రికార్డు చేసిన పాటకు మనిషి చేతులాడిస్తే తేడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. గీసినదైతే తేడా మచ్చుకైనా మారదు, గట్టిదనం మాత్రం చాలాసార్లు కదలికతో కలవదు.

తర్వాత శబ్దాన్ని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోండి. ఇతర వాయిద్యాలు లేని చోట ఒకే స్వరం రెండుసార్లు మోగిన ముక్కలు కత్తిరించి, ఒకదాని కింద ఒకటి మొదళ్లు సరిపోయేలా పెట్టండి. రెండోదాన్ని ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో ఇన్వర్ట్ నొక్కి, రెండూ కలిపి వినండి. దాదాపు నిశ్శబ్దమైతే రెండూ ఒకే రికార్డు ముక్క. వేర్వేరు దెబ్బలైతే ఎంత పోలి ఉన్నా చప్పుడు మిగులుతుంది. మొదళ్లు కలపడంలో తేడా వస్తే ఒకే ముక్క అయినా చప్పుడు మిగులుతుంది గనుక, బాగా పెద్దది చేసి చూసి కలపాలి.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఆక్టోపాడ్ వాయించేవారు రబ్బరు పలక మీద కర్రతో కొడితే డప్పో తబలానో వినిపిస్తుంది. అది పెట్టెలో దాచిన రికార్డు ముక్కే. పలక కింది సెన్సరు దెబ్బను పట్టి ఆ ముక్కను వదులుతుంది. కాబట్టి శబ్దం ఒకే ముక్క అని తేలినంత మాత్రాన మోసమని తీర్పివ్వకూడదు. కనిపిస్తున్నది చర్మమో తీగో గాజో అయ్యుండి, వినిపిస్తున్నది దాచిన ముక్క అయితేనే అనుమానం. అలాగే పాటల వీడియోల్లో శబ్దాన్ని స్టూడియోలో విడిగా రికార్డు చేయడం మామూలు ఆనవాయితీ. దాన్ని మోసమనలేం. ‘ఇది నేను కనిపెట్టిన వాయిద్యం, ఇదిగో ఇలా మోగుతుంది’ అని చెప్పినప్పుడే శబ్దం అక్కడే పుట్టాలి.

చివరిగా గూగుల్ లెన్స్. ఒక ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి వెతికితే చాలాసార్లు అసలు తయారుచేసిన కళాకారుడి పేజీయే దొరుకుతుంది, అది యానిమేషన్ అని అక్కడే రాసి ఉంటుంది. అన్నిటికన్నా ముందు ఇదే చేసేయవచ్చు.

ఎన్ని వింతలు అనుమానించినా, లోకంలో నమ్మలేని నిజాలూ ఉన్నాయి. హంపి విఠల దేవాలయం స్తంభాలు తడితే మోగుతాయి. అమెరికాలోని లూరే గుహల్లో సున్నపురాతి ఊడలను రబ్బరు సుత్తులతో మోగించే ఆర్గన్ ఉంది. థాడియస్ కాహిల్ 1897లో పేటెంటు పొందిన టెల్‌హార్మోనియం అనే విద్యుత్ వాయిద్యం రెండో నమూనా సుమారు 200 టన్నుల బరువుండేది, సంగీతాన్ని టెలిఫోను తీగల మీద ఇళ్లకు పంపేది. వీటిని ఎవరైనా వీడియోలో చూపిస్తే మొదట అబద్ధమే అనిపిస్తుంది. కానీ వీటికి చోటుంది, లేదా ఒకప్పుడు ఉండేది, వెళ్లి చూసినవారున్నారు, కాగితాలున్నాయి, చెడిపోయిన చరిత్ర ఉంది.

కొనమని అడిగినప్పుడు

వీడియో చూసి ముచ్చటపడడంతో ఆగితే పెద్ద నష్టం లేదు. ‘కొత్త వాయిద్యం, ముందుగా అడ్వాన్స్ కట్టినవారికి సగం ధర’ అని యూపీఐ నంబరు పంపినప్పుడు మాత్రం డబ్బు కట్టకముందే వీడియో కాల్ అడగండి. మోహన ఆరోహణ (స రి గ ప ద స) ముందు నెమ్మదిగా, తర్వాత రెట్టింపు కాలంలో వాయించమనండి. మధ్యలో మీరు ‘ఆపండి’ అన్న చోట ఆపమనండి. ఒక స్వరాన్ని మెల్లగా, అదే స్వరాన్ని గట్టిగా పలికించమనండి. ఫోను వాయిద్యం దగ్గరికి తెచ్చి, మళ్లీ దూరం తీసుకెళ్లమనండి, శబ్దం దానితో పాటు పెరిగి తగ్గాలి. పక్కనే ఒకసారి చప్పట్లు కొట్టమనండి. చప్పట్లూ వాయిద్యమూ ఒకే గదిలో మోగినట్టు వినిపించాలి. చప్పట్లు గది గోడలకు తగిలి వినిపిస్తూ, వాయిద్యం మాత్రం స్టూడియోలోలా తేటగా వస్తుంటే అది ఆ గదిలో మోగడం లేదు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆ కాల్‌లోనే ఇంకొక్క ప్రశ్న అడగండి: ‘ఇందులో మొదట అరిగిపోయేది ఏది, అది మార్చాలంటే ఎలా?’ వాయిద్యం చేసినవారికి ఈ ప్రశ్నకు తడుముకోవాల్సిన పని ఉండదు, చాలాసార్లు అడగకముందే చెప్తారు. వీణ చేసినవారు మైనం సంగతి, తీగల సంగతి చెప్తారు. మృదంగం చేసినవారు కుడి మూత అంటారు. గుడిలోని యంత్రాన్ని బాగుచేసే మనిషిని అడిగితే ముందు బెల్టు, తర్వాత కర్ర చివర కట్టిన తోలు, ఆ తర్వాత ఇరుసు మీది పన్ను అని, ఏది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పేస్తాడు.